పీఠం గుడ్డల పెత్తనం

దగ్గరికి జరగండర్రా. గుమ్మంలో నిలబడ్డదానివి, నువ్వూ వచ్చి కూర్చో. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి, చెవులు మాత్రం ఇటు పెట్టండి. ఇది కాస్త గొంతు తగ్గించి చెప్పుకోవాల్సిన కథ. ఇందులో ఉన్నవాళ్ళ పిల్లలూ మనవలూ ఇప్పటికీ ఆ గుడికే వస్తారు మరి.

ఒక వీధి మలుపులో ఒక లాండ్రీ ఉండేది. ముందు గదిలో బట్టలు తీసుకునే బల్ల, దాని వెనక ఒక తెర, తెర దాటితే అంతా ఆవిరే. గోడ పొడుగునా నీళ్ళ తొట్లు, మధ్యలో పెద్ద ఇస్త్రీ బల్లలు, పైన తీగల మీద హోటలు దుప్పట్లు, ఆసుపత్రి దుప్పట్లు, బడి యూనిఫారాలు. అక్కడ మాట్లాడాలంటే అరవాలి, అరవాలంటే ఆవిరి మింగాలి. అందుకే ఆ ఇంట్లో అందరి గొంతులూ కాస్త పెద్దవి. కింద పని, మేడ మీద కాపురం. అత్తగారు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు.

పెద్దకోడలిది ఇస్త్రీ బల్ల. ఆమె చేతిలో పడ్డ కాలరు కత్తిలా నిలబడేది. ఆమెకి పని తక్కువ కాదు, మాట తక్కువ కాదు, పొగడ్త ఒక్కటే తక్కువ. అత్తగారు పొగిడే మనిషి కాదు. ఇస్త్రీ చేసిన చొక్కాని వెలుతురుకి ఎత్తి చూసి "ఊఁ" అనేది, అంతే. ఆ "ఊఁ" వినబడిన రోజు పెద్దకోడలికి రాత్రి అన్నం రుచిగా ఉండేది. వినబడని రోజు మొగుడికి చీవాట్లు ఉండేవి.

అత్తగారికి లాండ్రీ ఒక ఎత్తయితే, వాళ్ళ కతోలిక గుడి పీఠం గుడ్డలు మరొక ఎత్తు. దివ్యపూజలో పీఠం మీద పరిచే చదరపు గుడ్డ ఒకటుంటుంది. అప్పం, పాత్ర దాని మీదే పెడతారు. పాత్ర తుడిచే గుడ్డలు ఇంకొన్ని. క్రీస్తు శరీరంగా అందుకునే ఆ అప్పమే దివ్యసత్ప్రసాదం, దాని నలుసులు ఏమైనా వాటికి అంటుకుని ఉండొచ్చని, వాటిని మామూలు బట్టల్లో కలపకూడదు. ముందు ఒక గిన్నెలో చేత్తో జాడించాలి. ఆ నీళ్ళు మురుగు కాలవలోకి పోకూడదు, మట్టిలోకి ఇంకాలి. అత్తగారు ఆ గిన్నెని రెండు చేతులా పట్టుకుని గుడి వెనక మొక్కల మొదట్లో పోసేది. ఆ తర్వాతే ఉతకడం, ఇస్త్రీ. చదరపు గుడ్డని లోపలి వైపుకే మడవాలి, ముందు అటూ ఇటూ, తర్వాత పైనా కిందా. అప్పుడు దాని మీద పడిన నలుసు దానిలోనే ఉండిపోతుంది, బయటికి రాలదు. ఆ పని అత్తగారికి ఆవిడ అత్తగారి నుంచి వచ్చింది.

ఈమధ్య అత్తగారి చేతులు వణుకుతున్నాయి. ఇస్త్రీ పెట్టె పట్టుకుంటే అంచు అటుకోసారి, ఇటుకోసారి పోతోంది. అందుకని గుడ్డల ఇస్త్రీ పెద్దకోడలే చేసి పెడుతోంది. చేసి పెడుతూ పెడుతూ "నా గుడ్డలు" అనడం మొదలుపెట్టింది. "నా గుడ్డల మీద ఆ తడి చేతులేమిట్రా!" "నా గుడ్డల పక్కన హోటలు తువ్వాళ్ళు పడేసిందెవరు?" ఎవరూ కాదనలేదు. అత్తగారి తర్వాత ఎవరు, పెద్దకోడలే కదా అని ఇల్లంతా అనుకుంది.

అప్పుడు రెండో కొడుక్కి పెళ్ళయింది. చిన్నకోడలు వచ్చింది.

చిన్నకోడలు సన్నగా, నెమ్మదిగా ఉండేది. ఆ ఆవిరిలో ఆమె మాట ఎవరికీ వినబడేది కాదు. ముందు గదిలో బట్టలు తీసుకునే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళు ఆమెతో రెండు మాటలు మాట్లాడి, తెర వెనక్కి తొంగి చూసి, "మీ కొత్త కోడలు బంగారమండీ" అని అత్తగారికి చెప్పి వెళ్ళేవాళ్ళు. లోపల ఇస్త్రీ పెట్టె ఒక్కసారి గట్టిగా బుస్సుమనేది.

అది అక్కడితో ఆగినా బాగుండేది. మొదటి ఆదివారం గుడిలో దివ్యసత్ప్రసాదం కోసం అందరూ వరసలో నడిచారు. ఆ గుడిలో అప్పటికి నిలబడేవాళ్ళు నిలబడి, మోకరించేవాళ్ళు మోకరించి, చేతిలో కొందరు, నాలుక మీద కొందరు, ఎవరి అలవాటు వారిది. చిన్నకోడలి వంతు వచ్చింది. ఆమె ఫాదర్ గారి ముందు రెండు మోకాళ్ళూ నేల మీద ఆనించింది. చప్పుడు లేదు, తడబాటు లేదు. నీటి మీద ఆకు వాలినట్టు వాలింది. ముసుగు సర్దుకుని, కళ్ళు మూసుకుని, తల ఎత్తి నోరు తెరిచింది. లేచేటప్పుడు కూడా అంతే, ఎవరినీ దేన్నీ పట్టుకోకుండా లేచింది.

గాయక బృందంలో ఒకావిడ ఉండేది. ఆవిడ గొంతుకి మైకు అక్కర్లేదు కనుక అందరూ మైకు పిన్ని అనేవాళ్ళు. పూజ అయ్యాక మెట్ల మీదే అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"వదినా, ఆ పిల్ల మోకరిస్తే నాకు ఒళ్ళు జలదరించిందనుకో! ఎంత భక్తి! ఎక్కడ పట్టావు?"

అత్తగారు చిన్నకోడలి వైపు చూసి, "ఊఁ" అంది.

విన్నారా? ఊరికే మోకరించినదానికి, చొక్కా లేదు, కాలరు లేదు, "ఊఁ" పడిపోయింది. పెద్దకోడలి కడుపులో ఎవరో ఇస్త్రీ పెట్టె ఆనించి తీయడం మర్చిపోయినట్టయింది.

ఆ రాత్రి మొగుడితో అంది, "నేనూ మోకరించగలను. మోకాళ్ళు నాకూ ఉన్నాయి."

"ఉంటే మోకరించు. ఎవరొద్దన్నారు?"

"ఇప్పుడు మోకరిస్తే దాన్ని చూసి నేర్చుకున్నాననరూ?"

"అయితే మోకరించకు."

"మోకరించకపోతే దానికున్న భక్తి నాకు లేదనరూ?"

ఆయన దుప్పటి ముసుగుపెట్టాడు. రోజంతా దుప్పట్లు పిండి వచ్చిన మనిషి, పాపం.

కొన్నాళ్ళకి అత్తగారు భోజనాల దగ్గర చెప్పింది. "నా చేతులు ఇంక లాభం లేదు. పీఠం గుడ్డల పని ఒకరికి అప్పజెప్పేస్తాను." ఒకరికి అంది. పెద్దకోడలికి అనలేదు. పెద్దకోడలు ఆ ఒక్క మాటని పట్టుకుని రాత్రంతా అటూ ఇటూ మడతపెట్టి చూసింది. ఎలా మడిచినా చిన్నకోడలే కనబడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బిషప్ గారి దగ్గర నుంచి ప్రకటన వచ్చింది. ఫాదర్ గారు పూజ చివర చదివారు. ఒక్కొక్కరూ ఒక్కోలా చేయడం వల్ల వరసల్లో గందరగోళంగా ఉంటోంది కనుక, ఇకమీదట మేత్రాసనంలోని, అంటే బిషప్ గారి కిందున్న గుళ్ళన్నిటిలో విశ్వాసులు నిలబడి, తమ ముందున్నవారు అందుకుంటుండగా తల వంచి నమస్కరించి, దివ్యసత్ప్రసాదం అందుకోవాలి. అది అందరూ ఒకే శరీరమని చూపించే ఏకభంగిమ అని కూడా అందులో ఉంది.

గుడి రెండయింది. బయట మెట్ల మీద ఒకాయన, "రాజు ఎదురుగా వస్తే నిలబడి చెయ్యి చాపుతామా? ఆయన రాజులకి రాజు!" అన్నాడు. ఇంకొకాయన, "ఆ రాజు మృతుల్లోంచి లేచి నిలబడ్డాడయ్యా, మనల్నీ నిలబెట్టాడు. అయినా తల్లి శ్రీసభ ఒక మాట చెప్పాక మన తర్కాలేమిటి?" అన్నాడు. మా తాతలు మోకరించారని ఒకరు, వాళ్ళ తాతలు నిలబడ్డారని ఇంకొకరు. పెద్దకోడలి మొగుడు మాత్రం, "వారమంతా మేము నిలబడేదేగా, దేవుడి దగ్గరైనా కూర్చోమంటారనుకున్నాను" అని నవ్వి, భార్య చూపు తగిలి నోరు మూసుకున్నాడు.

పెద్దకోడలికి ఆ ప్రకటన ఆకాశం నుంచి తన పేరు మీద వచ్చినట్టుంది. ఇంక చూడండి ఆవిడ విధేయత! తర్వాతి ఆదివారం గడకర్రలా నిలబడింది. అలాంటిలాంటి నమస్కారమా, నడుం దాకా వంగింది. నోటికి ఏ పని లేకపోయినా "పెద్దలు చెప్పారు, మనం వినాలి" అనే మాట నమిలేది. పెద్దలు చెప్పారు కనుక కిటికీ వేయాలి, పెద్దలు చెప్పారు కనుక సబ్బు తక్కువ వాడాలి.

చిన్నకోడలు మాత్రం ఆ ఆదివారం కూడా మోకరించింది.

పెద్దకోడలికి కోపం వచ్చిందనుకుంటున్నారా? పండగయింది. ఇంటికి రాగానే ముందు గదిలో బల్ల మీద చేతులు పెట్టి వంగింది.

"ఏమ్మా, ఫాదర్ గారు చదివింది వినబడలేదా? ఇక్కడ ఆవిరి కూడా లేదే, వినబడకపోవడానికి."

"వినబడిందక్కా."

"మరి?"

చిన్నకోడలు ఎవరిదో కోటు జేబులు తడిమి చూస్తూ, తల ఎత్తకుండా చెప్పింది. "మా నాన్న నా చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని మోకరింపజేశాడక్కా. మా గుడిలో అందరూ అంతే. నిలబడదామనే వెళ్ళాను. ఆయన ముందుకి వెళ్ళేసరికి మోకాళ్ళు వాటంతటవే వంగిపోయాయి."

"ఓహో, వాటంతటవేనా! మా మోకాళ్ళు మాత్రం మాట వింటాయమ్మా. నీకు భక్తి ఉంది, ఒప్పుకుంటాను. విధేయత లేని భక్తి ఎవరి కోసం? అందరూ నిలబడ్డచోట నువ్వొక్కదానివే కిందుంటే, అందరి కళ్ళూ ఆయన మీద ఉంటాయా, నీ మీద ఉంటాయా?"

ఆ మాట ఎంత నిజమో పెద్దకోడలికి తెలియదు. పొడవడానికి ఏది పదునుగా ఉంటే అది తీసింది, అంతే. చిన్నకోడలి చేతులు మాత్రం కోటు జేబులో ఆగిపోయాయి.

పెద్దకోడలికి అది చాలలేదు. ఇస్త్రీ చేసిన గుడ్డలు తీసుకుని గుడికి వెళ్ళింది. పీఠం వెనక గదిలో ఫాదర్ గారు చొక్కా చేతులు పైకి మడుచుకుని, కారుతున్న కుళాయితో కుస్తీ పడుతున్నారు. కుర్ర ఫాదర్, కుళాయి ముసలిది.

"ఫాదర్ గారూ, ఒక ఆత్మని గురించి బాధపడుతూ వచ్చాను."

"ఎవరి ఆత్మమ్మా?"

"మా చెల్లెలిలాంటిది. మా తోటికోడలు."

ఆయన పానా తిప్పుతూనే ఉన్నారు. పెద్దకోడలు అంతా చెప్పింది. బిషప్ గారి మాటకి విలువ లేకుండా పోతోందని, వెనకవాళ్ళు తట్టుకుని పడే ప్రమాదమని, ఇవాళ ఈమెని వదిలేస్తే రేపు ఊరంతా నేల మీదే ఉంటుందని. చివర, "ఒక్కసారి ఇవ్వకుండా వెనక్కి పంపించండి ఫాదర్, దానంతట అదే తెలుసుకుంటుంది" అంది.

ఫాదర్ గారు పానా కింద పెట్టారు.

"అమ్మా, నిలబడండని మీకు చెప్పారు. ఎవరైనా మోకరిస్తే ఆ కారణంగా కాదనవద్దని నాకు చెప్పారు. ఆమె మాట వినలేదని నన్ను కూడా మాట వినొద్దంటారా?"

పెద్దకోడలు తెచ్చిన గుడ్డలు బల్ల మీద పెట్టింది.

"ఆమెతో నేనే నెమ్మదిగా మాట్లాడతాను. మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారుగా, ఆమె కోసం ప్రార్థించండి."

ప్రార్థించడమా! పెద్దకోడలు దారి పొడుగునా ప్రార్థించింది, కానీ ఆ ప్రార్థన పైకి వెళ్ళే రకం కాదు. ఇంటికి వచ్చేసరికి ముందు గదిలో అత్తగారు, చిన్నకోడలు పక్కపక్కన కూర్చుని ఉన్నారు. అత్తగారు తన వణికే చేతుల్లో ఒక జేబురుమాలు పట్టుకుని చూపిస్తోంది. లోపలి వైపుకి, ముందు అటూ ఇటూ, తర్వాత పైనా కిందా. పీఠం గుడ్డ మడత!

పెద్దకోడలు గబగబా తెర దాటి ఆవిరిలోకి వెళ్ళిపోయింది. కళ్ళు చెమర్చితే అక్కడ ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళ కాలర్లు, ఇన్నేళ్ళ దుప్పట్లు, ఇన్నేళ్ళు తన చేతుల మీద పడిన ఆవిరి మచ్చలు, ఇవన్నీ ఒక పక్క. నేల మీద రెండు మోకాళ్ళు ఒక పక్క. అవే నెగ్గుతున్నాయి. ఫాదర్ గారు కాదనరు, అత్తగారు నేర్పుతోంది, మైకు పిన్ని పొగుడుతోంది. సరే, మోకాళ్ళే కావాలా? మోకాళ్ళే చూపిస్తాను.

అదండీ ఆవిడ తీసుకున్న నిర్ణయం. విధేయతంతా ఒక్క నిమిషంలో పిండి ఆరేసింది.

మేడ మీద తలుపు వేసుకుని సాధన చేసింది. మంచం కోడు పట్టుకుని వాలడం, పట్టుకోకుండా వాలడం. మొగుడు తలుపు తోసుకుని వచ్చి, "ఏం పోయింది? సూదా?" అని తనూ కూర్చుని వెతకబోయాడు.

ఆదివారం వచ్చింది. వరస కదిలింది. అత్తగారు ముందే అందుకుని వెళ్ళి, తన చోట కళ్ళు మూసుకుని కూర్చుంది. పెద్దకోడలు కావాలనే చిన్నకోడలికి ముందు నిలబడింది, ముందు తనని చూడాలి కదా అందరూ. ఒక్కో అడుగూ వేస్తూ, దేవుణ్ణి తలుచుకోవాల్సిన సమయంలో ఎలా వాలాలా, ముసుగు ఎటు సర్దాలా, మైకు పిన్నికి ఏ పక్క నుంచి బాగా కనబడతాను అని తలుచుకుంది.

వెనక చిన్నకోడలి సంగతి ఆమెకేం తెలుసు? ఆ వారమంతా ఆ పిల్ల అక్క మాటనే నెమరేసుకుంది. ఫాదర్ గారు పిలిచి మాట్లాడితే ఆయనతో చెప్పింది: "అక్క అన్నది నిజమే ఫాదర్. మోకరిస్తున్నాను గానీ ఈమధ్య నా చెవులు వెనక్కి ఉంటున్నాయి, ఎవరేం అంటున్నారా అని. ఈసారి నిలబడతాను." అందుకని ఆ రోజు ఆమె నిలబడి, ప్రకటనలో చెప్పినట్టే, తన ముందు మనిషి అందుకుంటుండగా చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, భక్తిగా తల వంచింది.

సరిగ్గా అప్పుడే ముందున్న మనిషి మోకరించింది.

పెద్దకోడలి మోకాళ్ళు వంగడంతో మడమలు వెనక్కి జరిగి చిన్నకోడలి కాళ్ళకి తగిలాయి. కళ్ళు మూసుకుని వంగి ఉన్న పిల్ల, పట్టు తప్పి ముందుకి తూలింది. ఆమె నుదురు ఠక్కుమని పెద్దకోడలి తల వెనక తగిలింది. పెద్దకోడలి తల ఫాదర్ గారి చేతికి తగిలింది. "క్రీస్తు శరీరం" అంటున్న ఫాదర్ గారి వేళ్ళ మధ్య నుంచి అప్పం జారి, నేల మీద పడింది.

బెంచీల్లో వాళ్ళంతా మెడలు చాచారు.

పెద్దకోడలు అదిరిపడి ఒక్క ఉదుటున లేచి పక్కకి జరిగింది. చిన్నకోడలు లేవలేదు. మోకాళ్ళ మీద పడ్డది అలాగే ఉండిపోయింది, పడిన అప్పం వైపు చూస్తూ. ఫాదర్ గారు వంగి అప్పాన్ని భక్తిగా తీసుకున్నారు. పాత్ర తుడిచే గుడ్డ తెప్పించి ఆ చోటు మీద పరిచారు, ఎవరూ తొక్కకుండా. తర్వాత ఇద్దరికీ దివ్యసత్ప్రసాదం ఇచ్చారు, ఒక్క మాట అనకుండా. పూజ అయ్యాక నీళ్ళు తెచ్చి ఆ చోటంతా తుడిచారు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. బెంచీల్లోంచి చూసినవాళ్ళకి ఏం కనబడింది? గడబిడ, ఆ తర్వాత మోకాళ్ళ మీద చిన్నకోడలు, నిలబడి పెద్దకోడలు. ఎప్పుడూ మోకరించేదెవరు? చిన్నకోడలు. ఎప్పుడూ నిలబడేదెవరు? పెద్దకోడలు. ఇంకేం కావాలి? మెట్లు దిగేలోపే మాట తయారైపోయింది. "చెప్పిన మాట వినకుండా మోకరించింది, అప్పం నేల మీద పడేలా చేసింది."

పెద్దకోడలు ఆ మాట విన్నది. కాదు అని చెప్పడానికి నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి "పదండి, ఎండగా ఉంది" అని వచ్చింది.

చిన్నకోడలు కూడా విన్నది. ఆమె పెద్దకోడలి వైపు ఒక్కసారి చూసింది. అత్తగారి చెయ్యి పట్టుకుని ముందుకి నడిచింది.

ఆ వారం పెద్దకోడలికి పూలబాట. ముందు గదిలో బట్టలు ఇచ్చేవాళ్ళు చిన్నకోడలితో ముక్తసరిగా మాట్లాడి వెళ్ళిపోతున్నారు. జేబురుమాలు మడతల పాఠాలు ఆగిపోయాయి. అత్తగారు ఏమీ తేల్చదు, ఎవరినీ ఏమీ అడగదు, ఊరికే ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తుంది. పీఠం గుడ్డలు ఇంక ఎటూ పోవు. ఆ సంగతి పెద్దకోడలికి తెలుసు. తెలిసినా ఆ వారం ఇస్త్రీలో రెండు కాలర్లు మాడ్చింది.

ఆమెకి పట్టుకున్నది భయం కాదు. చిన్నకోడలు ఎందుకు చెప్పలేదు? ఒక్క మాట చెబితే పోయేదానికి ఎందుకు మోస్తోంది? నా మీద జాలా? నా మీద జాలి పడే అంతటిదా ఇది?

తర్వాతి ఆదివారం పూజ ముందు, పీఠం వెనక గదిలో ఆడవాళ్ళు పూలు సర్దుతున్నారు. అత్తగారు కుర్చీలో, కోడళ్ళిద్దరూ గుడ్డలు సర్దుతూ. మైకు పిన్ని పూలకాడలు తుంచుతూ మొదలుపెట్టింది.

"ఒక్క మాట చెప్పనా వదినా? ఆ రోజు అందరితో పాటు నేనూ నోరు జారాను. కానీ వారమంతా ఈ పిల్లని చూస్తున్నాను. ఎవరెన్ని అన్నా ఎదురు మాట లేదు. మొహంలో మార్పు లేదు. తప్పు చేసింది, నిజమే, కానీ దాన్ని మోసే తీరు చూశావా? పునీతురాలి లక్షణాలు కావూ ఇవి? ఆ పడటం కూడా ఎంత భక్తితో పడింది! అప్పాన్ని చూసి లేవలేకపోయింది, పిచ్చితల్లి!"

"నిజమే, నిజమే" అన్నారు పూలు సర్దేవాళ్ళు. ఒకావిడ కళ్ళు కూడా తుడుచుకుంది.

అత్తగారు చిన్నకోడలి వైపు తిరిగింది. ఆవిడ గొంతులో ఏదో కదిలింది. "ఊఁ" రాబోతోంది.

పెద్దకోడలు తట్టుకోలేకపోయింది.

"అది మోకరించలేదు!" అని అరిచింది. లాండ్రీ గొంతు, గది దద్దరిల్లింది. "మోకరించింది నేను! నేనే! అది నిలబడింది, చెప్పినట్టు నిలబడి తల వంచింది. నేను మోకరిస్తేనే అది వచ్చి నా మీద పడింది. అప్పం పడింది నా వల్ల. అన్నీ దాని ఖాతాలోనే వేస్తారేం? నిలబడితే దానిదే, మోకరిస్తే దానిదే, ఆఖరికి నేను చేసిన తప్పు కూడా దానిదేనా?"

అప్పుడే ఫాదర్ గారు లోపలికి రాబోయి, గుమ్మంలోనే వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. తెలివైనవాడు.

నోట్లోంచి ఏం వచ్చిందో పెద్దకోడలికి అప్పుడు తెలిసింది. మొహం ఉతికి ఆరేసిన దుప్పటిలా అయింది. మైకు పిన్నికి జీవితంలో మొదటిసారి మాట దొరకలేదు.

అత్తగారు నవ్వడం మొదలుపెట్టింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత కుర్చీ కదిలింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, మిగతావాళ్ళని బయటికి పొమ్మని చెయ్యి ఊపింది. కోడళ్ళిద్దరే మిగిలారు.

"ఏమే పెద్దదానా," అంది, "పాపం ఒప్పుకోవడం కూడా పోటీకేనా?"

పెద్దకోడలు నేల చూసింది. "మీరు దానికి నేర్పుతున్నారు అత్తయ్యా. నా గుడ్డలు దానికిచ్చేస్తారని..."

"ఎవరి గుడ్డలు?"

"నా..." అని ఆగిపోయింది.

అత్తగారి నవ్వు పోయింది. "నేను పెళ్ళయి వచ్చినప్పటి నుంచి చేశానే. ఒక్కనాడు నా గుడ్డలు అనలేదు. నిన్నటిదాకా నీకే ఇద్దామనుకున్నాను, దానికి జేబురుమాలు చూపించింది నీకు చెయ్యి సాయం ఉంటుందనే. నీ చేయిలాంటి చేయి లేదు, నాకు తెలియదా? కానీ నీకిస్తే నువ్వు చచ్చేదాకా ఇంకొకరిని ముట్టుకోనివ్వవు. పీఠం గుడ్డలకి పెత్తందారు అక్కర్లేదు. అందుకని చిన్నదానికి ఇస్తున్నాను. నేర్పేది నువ్వు."

"నేనా!"

"అత్తయ్యా," అంది చిన్నకోడలు, "అక్కకే ఇవ్వండి. నాకు ఇస్త్రీ కూడా సరిగా రాదు."

"నిన్నడగలేదు. రాదు కనుకే నేర్పమంటున్నాను." అత్తగారు మళ్ళీ పెద్దకోడలి వైపు తిరిగింది. "పెద్దలు చెప్పారు, మనం వినాలి అని ఇల్లంతా మోగించావుగా. బిషప్ గారు నిలబడమంటే నిలబడటం నీకేం కష్టం? అది నీకు నచ్చిన మాట. ఇది నచ్చని మాట. ఇప్పుడు విను, చూద్దాం."

పెద్దకోడలికి ఎదిరించడానికి మాటలు లేవా? బోలెడున్నాయి. ఒక్కొక్కటీ నాలుక చివరిదాకా వచ్చి, ఒక్కొక్కటీ వెనక్కి పోయింది. చివరికి "సరే అత్తయ్యా" అంది. ఆ రెండు మాటలూ ఎత్తడం తడి దుప్పట్ల మూట ఎత్తడం కంటే బరువైంది.

ఆ రోజు పూజలో వరసలో ఇద్దరూ నిలబడ్డారు, ముందు చిన్నది, వెనక పెద్దది. తల వంచినప్పుడు పెద్దకోడలికి మొదటిసారి తన వెనక ఎవరు చూస్తున్నారన్నది గుర్తుకి రాలేదు. ముందున్న దాని మడమల మీదే ధ్యాసంతా, మళ్ళీ తగులుతానేమోనని. దేవుడి మీద ధ్యాస ఉందా అంటే, ఏమో, అది ఆవిడకీ ఆయనకీ తెలియాలి. అసూయ పోయిందా అని అడుగుతారు మీరు. పోవడమా? ఇస్త్రీ బల్ల దగ్గరికి తనతో పాటే నడిచి వచ్చింది.

సోమవారం ఇస్త్రీ బల్ల ఒక చివర ఖాళీ చేసి, తెల్ల దుప్పటి పరిచి, పీఠం గుడ్డ పెట్టి, చిన్నకోడలిని పిలిచింది. "చెయ్యి అలా కాదు. అంచు లాగకు, అంచు సాగుతుంది. తడి ఉండగానే పెట్టె ఆనించు. నొక్కకు! నేల తుడుస్తున్నావా?" ఒకసారి చెయ్యి మీద ఒకటి వేసింది కూడా. చిన్నకోడలు కిక్కురుమనకుండా చేసింది. లోపలి వైపుకి, అటూ ఇటూ, పైనా కిందా.

మడత ముగిసింది. పెద్దకోడలు దాన్ని వెలుతురుకి ఎత్తి నాలుగు వైపులా తిప్పి చూసింది. ఎక్కడా వంక దొరకలేదు. ఇంకోసారి వెతికింది. లేదు.

"ఊఁ" అంది.

అని, ఆ మడత విప్పి బల్ల మీద పరిచి, "మళ్ళీ చెయ్యి" అంది.

"ఎందుకక్కా, బాగాలేదా?"

"బాగుంది. అందుకే. మళ్ళీ చెయ్యి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిరిలో ముందు ఎవరు నవ్వారో, అవతలి బల్ల దగ్గరున్న అన్నదమ్ములకి కూడా తెలియలేదు.

ఇదీ సంగతి. దీన్ని మీలోనే ఉంచేసుకోకండి. వరసలో పక్కవాళ్ళ మోకాళ్ళు లెక్కపెట్టేవాళ్ళు ఎక్కడైనా కనబడితే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. చెప్పేటప్పుడు పెద్దకోడలిని మరీ చెడ్డదాన్ని చేయకండి, చిన్నదాన్ని మరీ దేవతని చేయకండి. ఆ గుడిలో అరిచిన అరుపు మాత్రం ఉన్నదున్నట్టు, గొంతెత్తి అరిచి చెప్పండి. అది నెమ్మదిగా చెబితే కథ కుదరదు.